ఎల్‌ఈడీ వేశాక లారీ ఇండికేటర్ పిచ్చిగా కొట్టుకుంటోందా? తప్పు బల్బుది కాదు

ఒక ఇంటిని ఊహించుకోండి. తండ్రి నడిపే పాత పది టైర్ల లారీయే ఆ ఇంటికి ఆధారం. వెనుక లైట్లు మసకగా ఉన్నాయని కొడుకు బజారుకెళ్లి ఎల్‌ఈడీ బల్బులు తెచ్చి నాలుగు ఇండికేటర్లలోనూ వేశాడు. వెలుగు బ్రహ్మాండంగా ఉంది. కానీ కుడి సిగ్నల్ వేయగానే టకటకమంటూ మామూలుకు రెట్టింపు వేగంతో కొట్టుకోవడం మొదలైంది.

"బేటా, కొత్త బల్బులే కదా, ఇదేంటి ఇలా?" అన్నాడు తండ్రి. "నకిలీవేమో అబ్బా, మార్చేద్దాం" అన్నాడు కొడుకు.

మళ్లీ బల్బులు మార్చినా ఫలితం ఉండదు. చాలామంది ఇక్కడే రెండుసార్లు డబ్బులు పోగొట్టుకుంటారు. కొందరు "వెలుగుతోంది కదా, చాలు" అని అలాగే రోడ్డెక్కేస్తారు. అది ఇంకా ప్రమాదం. సిగ్నల్ సరిగ్గా అర్థం కాక బైకు మీద వెనుక వచ్చేవాడు ఎడమ పక్కన దూరితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. నిజానికి ఇది చిన్న రిపేరు. అసలు కారణం తెలిస్తే చాలు.

అసలు సంగతి ఫ్లాషర్‌లో ఉంది

ఇండికేటర్ వేసినప్పుడు టిక్ టిక్‌మని చప్పుడు చేసే చిన్న డబ్బాయే ఫ్లాషర్. బల్బుకు కరెంటును ఇస్తూ, ఆపుతూ ఉండటం దాని పని. పాత ఫ్లాషర్లు బల్బులు ఎంత కరెంటు లాగుతున్నాయో దాన్ని బట్టే నడుస్తాయి.

పెద్ద లారీలో బ్యాటరీ సరఫరా 24 వోల్టులు. ఇండికేటర్‌లో ఉండే మామూలు బల్బు 21 వాట్లు. ఒక పక్కన ముందొకటి, వెనుకొకటి కలిపి 42 వాట్లు. అంటే దాదాపు 1.75 ఆంపియర్ల కరెంటు. అదే చోట 3 వాట్ల ఎల్‌ఈడీలు రెండు వేస్తే లాగేది 0.25 ఆంపియర్ మాత్రమే. ఏడో వంతు అన్నమాట. ఇంత తక్కువ కరెంటు చూసి పాత ఫ్లాషర్ 'బల్బు మాడిపోయింది' అనుకుంటుంది.

దీని లక్షణం రెండు రకాలుగా కనిపిస్తుంది.

ఒకటి, ఇండికేటర్ అతివేగంగా కొట్టుకోవడం. అంటే లోపల ఉన్నది ఎలక్ట్రానిక్ ఫ్లాషర్. బల్బు పోయిందని డ్రైవర్‌కు తెలియాలనే కావాలని అలా వేగం పెంచుతుంది.

రెండు, ఇండికేటర్ కొట్టుకోకుండా అలాగే వెలిగి ఉండిపోవడం. అంటే లోపల ఉన్నది బాగా పాత రకం. అందులో ఒక లోహపు పట్టీ కరెంటుకు వేడెక్కి వంగుతుంది, చల్లారి మళ్లీ అతుక్కుంటుంది. ఎల్‌ఈడీ లాగే కొద్దిపాటి కరెంటుకు ఆ పట్టీ వేడెక్కదు. వేడెక్కకపోతే వంగదు.

సరైన మందు: ఎల్‌ఈడీ ఫ్లాషర్

బల్బులు ఎంత కరెంటు లాగుతున్నాయో పట్టించుకోకుండా సొంత లెక్కతో కొట్టుకునే ఫ్లాషర్లు స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతాయి. 'ఎల్‌ఈడీ ఫ్లాషర్' అని అడిగితే చాలు. ఖర్చు వందల్లోనే. కొనేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది వోల్టేజి. పెద్ద లారీకి 24 వోల్టులది, చిన్న ట్రాలీ బండ్లకు సాధారణంగా 12 వోల్టులది. 12 వోల్టుల ఫ్లాషర్‌ను 24 వోల్టుల లారీకి పెడితే మాడిపోతుంది.

రెండోది పిన్నులు. పాత ఫ్లాషర్‌కు రెండే పిన్నులు ఉంటే ఒకటి బ్యాటరీ వైపు నుంచి వచ్చేది, రెండోది సిగ్నల్ స్విచ్‌కు వెళ్లేది. కొత్త ఎల్‌ఈడీ ఫ్లాషర్‌కు ఎక్కువగా మూడో పిన్ను ఉంటుంది. అది ఎర్త్. దానికి విడిగా ఒక వైరు లాగి బండి బాడీకి గట్టిగా బిగించాలి. ఇది వదిలేస్తే కొత్త ఫ్లాషర్ అసలు పనిచేయదు, 'షాపువాడు మోసం చేశాడు' అనిపిస్తుంది.

మూడోది పిన్నుల వరుస. వాటి మీద బీ, ఎల్, ఈ అనో, 49, 49ఏ, 31 అనో రాసి ఉంటుంది. బీ లేదా 49 బ్యాటరీది, ఎల్ లేదా 49ఏ సిగ్నల్‌ది, ఈ లేదా 31 ఎర్త్‌ది. అన్ని కంపెనీలదీ ఒకే వరుస కాదు. అందుకే టెస్ట్ ల్యాంపుతో చూసుకున్నాకే పెట్టాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు తీయడం మరవొద్దు.

రెసిస్టర్ పెడితే పోదా?

కొందరు ఫ్లాషర్ మార్చకుండా ప్రతి ఎల్‌ఈడీ పక్కన ఒక రెసిస్టర్ పెడతారు. అది అదనంగా కరెంటు లాగి, పాత బల్బే ఉందని ఫ్లాషర్‌ను నమ్మిస్తుంది. పని జరుగుతుంది. కానీ ఆదా చేసిన కరెంటంతా మళ్లీ వేడిగా పోతుంది. ఎల్‌ఈడీ వేసి లాభం ఏముంది?

ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. బజారులో ఎక్కువగా దొరికేది 12 వోల్టుల బండ్ల కోసం చేసిన 6 ఓంల రెసిస్టర్. దాన్ని 24 వోల్టుల లారీకి పెడితే 96 వాట్లు లాగుతుంది. 50 వాట్ల కోసం చేసిన వస్తువు అది. 24 వోల్టులకు 21 వాట్ల బల్బు లెక్క రావాలంటే దాదాపు 27 ఓంలు ఉండాలి. సరైనది పెట్టినా అది బాగా కాలుతుంది. ప్లాస్టిక్ మీద, వైర్ల కట్ట మీద కాకుండా ఇనుము మీదే బిగించాలి. దారి ఉన్నప్పుడు ఫ్లాషర్ మార్చడమే మేలు.

ఎడమకు వేస్తే నాలుగూ వెలుగుతున్నాయా?

ఫ్లాషర్ మార్చాక కొన్ని పాత లారీల్లో ఈ కొత్త తలనొప్పి వస్తుంది. ఒక పక్క సిగ్నల్ వేస్తే రెండు పక్కలా కొట్టుకుంటాయి. దీనికి కారణం డ్యాష్‌బోర్డులో రెండు పక్కలకూ కలిపి ఒకే చిన్న బల్బు ఉండటం. దాని ఒక కొస ఎడమ వైరుకు, రెండో కొస కుడి వైరుకు కలిపి ఉంటుంది. ఎడమ సిగ్నల్ వేస్తే కొద్దిపాటి కరెంటు ఆ చిన్న బల్బు గుండా కుడి పక్కకు పోతుంది. 21 వాట్ల బల్బును వెలిగించడానికి ఆ కాస్త చాలదు, ఎల్‌ఈడీకి మాత్రం సరిపోతుంది.

వైద్యం: వన్ ఎన్ 4007 డయోడ్లు రెండు. ఎలక్ట్రానిక్స్ షాపులో కొద్ది రూపాయలకే వస్తాయి. ఎడమ వైరుకొకటి, కుడి వైరుకొకటి పెట్టి, వెండి గీత ఉన్న కొసలు రెండింటినీ కలిపి డ్యాష్‌బోర్డు బల్బు ఒక కొసకు ఇవ్వాలి. బల్బు రెండో కొసను ఎర్త్‌కు కలపాలి. డ్యాష్‌బోర్డులో ఎడమకు, కుడికి వేర్వేరు బాణం గుర్తులున్న బండ్లకు ఈ బాధ లేదు.

తుప్పు పట్టిన ఎర్త్

టెయిల్ ల్యాంపు వేయగానే ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందంటే ఎర్త్ సరిగ్గా లేదని అర్థం. పాత లారీల వెనుక భాగం నీళ్లకు, బురదకు తుప్పు పడుతుంది. హోల్డర్‌ను గరుకు కాగితంతో రుద్ది, ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాలి. బల్బుల మీద అనుమానం పడే ముందు ఈ పని చేస్తే సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

రంగు, వేగం: చట్టం ఏమంటోంది

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 102వ నిబంధన ప్రకారం ఇండికేటర్ కాషాయం కలిసిన పసుపు రంగులోనే ఉండాలి. నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా, 120 సార్లకు మించకుండా కొట్టుకోవాలి. వాచీ పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టండి. 15కు 30కి మధ్య వస్తే సరే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కాబట్టి ఈ లెక్క ముందే చూసుకోవడం మంచిది. పసుపు అద్దం వెనుక తెల్ల ఎల్‌ఈడీ పెడితే రంగు పాలిపోయి కనిపిస్తుంది. పసుపు ఎల్‌ఈడీయే తీసుకోవాలి.

ఒక్క మాట మరవొద్దు

పాత ఫ్లాషర్ వేగం పెంచి బల్బు పోయిందని చెప్పేది. కొత్తది చెప్పదు. వెనుక బల్బు చచ్చిపోయినా క్యాబిన్‌లో టిక్ టిక్ మామూలుగానే వినిపిస్తుంది. కాబట్టి ఆ పని ఇక మనిషే చేయాలి. పొద్దున బండి తీసే ముందు నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే హజార్డ్ స్విచ్ వేసి, లారీ చుట్టూ ఒక్కసారి తిరిగి నాలుగు మూలలా చూడాలి. క్లీనర్ లేకపోతే ఇంట్లో పిల్లాడినైనా పిలవండి. "అబ్బా, నాలుగూ వెలుగుతున్నాయి" అన్నాకే గేరు వేయండి. నిమిషం పని. రాత్రికి ఆ మనిషి ఇంటికి తిరిగి రావాలి కదా.