గొలుసు – సంకెల – త్రాడు

తెలుగున కంఠాభరణముల పేర్లు చాలవఱకు వాని కూర్పును బట్టి యేర్పడినవి. కాసులు గ్రుచ్చినది కాసులపేరు; ముత్యములు గ్రుచ్చినది ముత్యాలసరము. లోహపులంకెలను ఒకదానిలో నొకటి తగిల్చి చేసిన నగకు మాత్రము గొలుసు అనునదియే సామాన్యనామము. ఈ మాటకును, దీనికి సంస్కృతసమానార్థకమైన శృంఖలశబ్దమునకును పట్టిన గతి విచారింపదగి యున్నది.

అమరసింహుడు శృంఖలమును రెండుచోట్ల పేర్కొనినాడు. ఒకచోట నది పురుషులు నడుమున ధరించు భూషణము. వేఱొకచోట ఏనుగునకు వేయు బంధనము. ఈ శబ్దమే ప్రాకృతము మీదుగా తెలుగున సంకెల యైనది. కాని మనవారు దానిని బంధనార్థమునకే విడిచిపెట్టిరి. మెడలో సంకెల ధరించితినని మురియు తెలుగువారు లేరు. కన్నడమున సంకోలెయు నంతే. తమిళమున నట్లు గాక, సంగిలి యనగా మెడలోని బంగారుగొలుసు కూడ. కొలుసు అనగా కాలినగ. మాటలు అవియే, పంపకము వేఱు.

మన నగల పేర్లలో మఱొక విశేషము దారము. మొలనూలు బంగారుదైనను నూలే. మొలత్రాడు వెండిదైనను త్రాడే. అమరుని పురుషశృంఖలమునకు సరియైన తెలుగు ఈ మొలత్రాడే. పసుపుత్రాటికి బదులు బంగారుగొలుసునకు పుస్తెలు గ్రుచ్చినను, అది పుస్తెలత్రాడే.

ఇందుకు కారణము కొంతవఱకు పనితనమున కనిపించును. కంసాలి బంగారమును కరగించి, కడ్డీగ సాగగొట్టి, కమ్మచ్చుకన్నములలో వరుసగ లాగి తీగ చేయును. ఆ తీగను సన్నని కమ్మికి చుట్టి, చుట్లను నిలువున కోసినచో విడివిడి వలయము లేర్పడును. వానిని ఒకదానిలో నొకటి తగిల్చి, మూతులు కలిపి, వెలిగార మద్ది, మాటు వేయును. మాటు ఎక్కువైన లంకెలు అంటుకొని గొలుసు వంగదు, తక్కువైన తెగును. లోహము దారమువలె ఒదిగి పడుటయే ఇందలి నేర్పు. త్రాడను పేరు నిలిచి యుండుట కిదియు నొక హేతువు కాబోలు.

ఇప్పటి నగలయంగళ్లలో చెయిను అను మాట వ్యాపించినది. కొన్నపుడు చెయిను, దొంగ తెంచుకొని పోయినపుడు పత్రికలో గొలుసు! గొలుసుకట్టు వ్రాత, గొలుసుకట్టు చెరువులు, తలుపుగొలుసు, కుక్కగొలుసు – ఇవి వాడుకలో నున్నవి. నగయను అర్థము జాఱిపోయినచో సంకెలకు పట్టిన గతియే గొలుసునకును పట్టును.

వ్యవసాయపదములకు మాండలిక వృత్తిపదకోశము 1962లోనే వెలువడినది. గొలుసుల అల్లికపేర్లను కూడ అట్లే పనివారి నోట విని వ్రాసికొనవలసి యున్నది. యంత్రపుగొలుసులు రాకముందు కమ్మచ్చు పట్టిన వృద్ధులు ఉండగనే ఈ పని జరుగవలెను.