యుద్ధశకటములు - అగ్నిభయము

మా విద్యార్థులలో మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల బాలురు కొందఱు సైన్యమున జేరగోరుదురు. వారెఱుంగవలసిన విషయమొకటి చెప్పెదము. యుద్ధశకటమునకు శత్రువుల గుండువలెనే తన కడుపులోని తైలమును భయంకరమే.

పెట్రోలు గడ్డకట్టు చలియందును మండెడి యావిరిని విడుచును. డీసెలు ఆవిరి యంటుకొనుటకు సుమారు 50 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిమి కావలయును. కావుననే నేటి యుద్ధశకటములు మిక్కిలిగా డీసెలుతో నడచును. అయినను గుండు తొట్టిని ఛేదించి తైలమును తుంపరలుగా జిమ్మినచో డీసెలును భగ్గుమనును.

ఎద్దుమైలారమందలి మెదకు ఆయుధ కర్మాగారము నిర్మించిన 'శరత్' శకటమును జూడుడు. సైనికులు వీపులు కలిపి కూర్చుండు బల్లల నడుమ తైలపు తొట్టి కలదు. వారు దిగు వెనుక తలుపులలోను తైలమే. కావున పోరునకు ముందు తలుపుల తొట్లను ఖాళీచేయుట మేలు.

అనేక శకటములందు యంత్రనేత్రములు మంటను గనిపెట్టి, ఱెప్పపాటున హేలాను 1301 వాయువును వెడలించును. అది మంటలోని రసాయనక్రియను త్రెంచివేయును. కాని ఓజోను పొరకు హానికరమగుటచే, 1987 నాటి మాంట్రియలు ఒడంబడిక ననుసరించి దాని తయారీ మానిపింపబడినది. బదులు వాయువులు వాడుకలోనికి వచ్చుచున్నవి.

బాలురారా, మోటారుబండిలో తైలము పోయునపుడు యంత్రము నాపుడు, నిప్పును దూరముంచుడు. ప్రాణము దైవదత్తము, దానిని గాపాడు నియమముల నెఱుంగుట మన విధి.