తెరపై కనబడు వైద్యుడు

రోగి యొకచోట, వైద్యుడు వేరొకచోట నుండి, ఒకరినొకరు తెరపై చూచుచు మాటలాడుకొను పద్ధతికి దూరవైద్యమని పేరు. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున 1959లోనే మానసిక వైద్యులు టెలివిజనును ఇందుకు వినియోగించిరి. మన దేశమున 2000వ సంవత్సరములో చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమునకు ఉపగ్రహముద్వారా నగర వైద్యుల సలహా అందినది. కేంద్ర ప్రభుత్వపు ‘ఈ-సంజీవని’ సేవ 2019 నవంబరులో తొలుత ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైనది. కరోనా వ్యాధి ప్రబలిన 2020 ఏప్రిల్‌లో రోగుల ఇండ్లకే చేరినది.

సాధనము సిద్ధముగా నున్నది. అయినను కొందరు రోగులు దీనిని సంతోషముతో అంగీకరింతురు. కొందరు ఎంత దూరమైనను ఆసుపత్రికే పోవుదురు. ఈ భేదమునకు చదువు లేకపోవుటయే కారణమనుట సరికాదు.

అంగీకరించువారి లెక్క తేటగానున్నది. పల్లెలోని కూలివాడు పట్టణమునకు పోయి వైద్యుని చూడవలెనన్న ఒకనాటి కూలి పోవును. బస్సు చార్జీ కావలెను. తోడు వచ్చువారి కూలియు పోవును. రక్తపోటునకో మధుమేహమునకో ఏండ్ల తరబడి మందులు వాడువానికి పలుమారు కావలసినది నాలుగు మాటలు, మందులో కొద్ది మార్పు మాత్రమే. అదివరకే తన్నెరిగిన వైద్యుడైనచో అతనికి సంకోచము మరింత తగ్గును.

సంకోచించువారి లెక్కయు త్రోసివేయదగినది కాదు. వైద్యుడు రోగిని పరీక్షించు విధములు నాలుగు: కంటితో చూచుట, చేతితో ఒత్తి చూచుట, వ్రేలితో తట్టి ధ్వనిని గ్రహించుట, స్టెతస్కోపుతో వినుట. తెర రూపమును, ధ్వనిని తేగలదు గాని స్పర్శను తేజాలదు. మామూలు ఫోనుద్వారా ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే, అదియు వెలుతురు బాగున్నచో, సాధ్యము. కడుపునొప్పి గలవానికి ఎచ్చట ఒత్తిన నొప్పి యెక్కువగునో తెలియనిదే అపెండిసైటిసును గుర్తించుట కష్టము. కావున “చేయి పట్టి చూడనిదే వైద్యమేమిటి?” అను ముసలమ్మ మాటలో కొంత శాస్త్రమున్నది.

ఉపగ్రహముద్వారా మాటలాడునపుడు మరియొక చిక్కు కలదు. భూస్థిర ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు 72,000 కిలోమీటర్ల ప్రయాణము. సంకేతపు వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గనుక దీనికి దాదాపు పావు సెకను పట్టును. ప్రశ్న పోయి జవాబు వచ్చుసరికి అర సెకను. ఈ యెడములో ఇద్దరును ఒకేసారి మాటలాడుట జరుగును; వైద్యుడు తన మాట వినుటలేదని రోగి తలచును. నేలలోని గాజుతీగెలద్వారా పోవు సంకేతములకు ఈ ఆలస్యము చాల తక్కువ.

మూడవది మర్యాద. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు ఒక యువతి ఛాతీపై చెవి యానించుటకు సంకోచించి, కాగితమును గొట్టముగా చుట్టి గుండెచప్పుడు వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. నేడు ఇంటిల్లిపాదికి ఒకే ఫోనున్నచోట, అందరి యెదుట తన బాధ చెప్పుకొనుటకు స్త్రీ సంకోచించుట సహజము. ఆమెకు కావలసినది ఉపదేశము కాదు, తలుపు వేసికొనుటకు వీలున్న ఒక గది.

ఈ చిక్కులకు కొంత పరిష్కారము లేకపోలేదు. ఈ-సంజీవనిలోని ఒక పద్ధతిలో రోగి తన సమీప ఆరోగ్యకేంద్రమునకు పోవును. అచ్చటి ఆరోగ్యకార్యకర్త ప్రక్కన కూర్చుండి, రక్తపోటు కొలిచి, దూరముననున్న వైద్యునితో మాటలాడించును. ఫోను వాడుక తెలియనివారికి ఇది అనుకూలము.

2020 మార్చిలో భారత ప్రభుత్వము వెలువరించిన నియమములు సమ్మతిని గూర్చి స్పష్టముగా చెప్పినవి. రోగియే స్వయముగా సంప్రదించినచో అతని సమ్మతి ఉన్నట్లే. ఆరోగ్యకార్యకర్తగాని, వైద్యుడుగాని ఆరంభించినచో రోగిని అడిగి సమ్మతి పొందవలెను. మధ్యలో ఆపివేయు హక్కు ఇరువురికిని కలదు. తెరపై చూచుట చాలదని తోచినపుడు వైద్యుడు రోగిని నేరుగా రమ్మనవలెను.

రోగి ఇష్టము తెలిసికొనవలెనన్న రెండు దారులును తెరచి యుండవలెను. దగ్గరలో వైద్యుడే లేనిచోట తెర ముందు కూర్చున్నవాడు గత్యంతరము లేక కూర్చున్నవాడే కావచ్చును. ఎంతమంది తెరపై వైద్యము పొందిరను లెక్క చూచునపుడు ఈ సంగతి మరువరాదు.