అందరూ కూర్చునే బల్ల

ఒక ఊరి మనసు తెలుసుకోవాలంటే ఆ ఊరి హోటల్లో గంటసేపు కూర్చుంటే చాలు. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఎవరి చాయ్ డబ్బులు ఎవరు ఇస్తున్నారు, ఎవరు లోపలికి రావడానికి జంకుతున్నారు అన్నది అక్కడ అద్దంలో కనిపించినట్లు కనిపిస్తుంది.

తెలంగాణలో హోటల్ అంటే బస చేసే చోటు అనే అర్థం తక్కువ. ఒక పొయ్యి, నాలుగు బల్లలు, ఒక గల్లాపెట్టె ఉంటే అదే హోటల్. సిద్దిపేటలో ఇలాంటి వాటికి కొదవ లేదు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారిపై, రాజధానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణం ఇది. 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట-సికింద్రాబాద్ రైలు మొదలైంది. కచేరీ పని మీద వచ్చే రైతు, గొల్లభామ చీర నేసే నేతన్న, కాలేజీ పిల్లలు, సాయంత్రం కోమటి చెరువు కట్ట మీదికి షికారుకు వచ్చే కుటుంబాలు, అందరికీ ఆకలి ఒకటే.

ఏ బోర్డు కింద బిర్యానీ రుచిగా ఉంటుందన్న వాదన ఎప్పటికీ తేలేది కాదు. ఎవరి నాలుక వారిది. అయితే మనకు ఇష్టమైన వంటకాలు మన బల్ల మీదికి ఎలా వచ్చాయో తెలుసుకుంటే, ఆ బల్ల విలువ మరింత అర్థమవుతుంది.

ఒకే కప్పు

చాయ్‌తోనే మొదలుపెడదాం. ఇరానీ చాయ్ అనే మాట ఇప్పుడు జిల్లా పట్టణాల బోర్డుల మీద కూడా మామూలైపోయింది. బొంబాయి, పూణెల మీదుగా హైదరాబాద్ చేరిన ఇరాన్ దేశస్థులు తెరిచిన హోటళ్ల నుంచి ఈ పద్ధతి వచ్చింది. మూతపెట్టిన పాత్రలో డికాక్షన్‌ను సన్నని సెగపై చాలాసేపు మగ్గనిస్తారు. పాలను వేరుగా చిక్కబడేదాకా కాస్తారు. అడిగినప్పుడు రెండూ కప్పులో కలుపుతారు. పక్కన ఉస్మానియా బిస్కెట్. డబ్బులు తక్కువైతే "వన్ బై టూ".

ఈ హోటళ్లు మన సమాజానికి చేసిన మేలు రుచి ఒక్కటే కాదు. ఒకప్పుడు పల్లె చాయ్ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచేది. దళితులకు వేరే గ్లాసు, వారే తాగి వారే కడిగి పెట్టాలి. లోపల బల్ల మీద కూర్చునే హక్కు ఉండేది కాదు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల పేరెత్తి మరీ ఈ వివక్షను నిషేధించింది. 1955లో అంటరానితనాన్ని నేరంగా పరిగణించే చట్టం వచ్చింది. అయినా చట్టం వచ్చినంత వేగంగా అలవాటు పోలేదు. ఇలాంటి కాలంలో పైసా ఇచ్చిన ప్రతివాడికీ అదే కప్పు, అదే సాసర్ ఇచ్చి, అదే పాలరాతి బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఇరానీ హోటల్ ఎంత పెద్ద పని చేసిందో ఆలోచించండి. ఒకే పంక్తిలో భుజం భుజం కలిపి నిలబడే సమాజానికి ఈ సంగతి వేరుగా వివరించనక్కర లేదు.

బగారా ఎవరిది?

సిద్దిపేట ప్రాంతంలో ఇష్టమైన భోజనం ఏమిటని ఏ ఇంట్లో అడిగినా, బిర్యానీ కన్నా ముందు వచ్చే మాట బగారా అన్నం. ఉర్దూలో బఘార్ అంటే పోపు. నూనెలో లవంగం, చెక్క, ఏలకులు, షాజీరా, ఉల్లిగడ్డ, పుదీనా వేయించి, అందులో బియ్యం వండితే బగారా. దీనికి జోడు దాల్చా. అంటే పప్పు, సొరకాయ, చింతపండు పులుసు, అందులో కొన్ని మాంసం ముక్కలు. ముస్లిం ఇళ్ల దావతుల నుంచి వచ్చిన ఈ వంట ఈనాడు తెలంగాణలో హిందువుల పెళ్లిళ్లలోనూ, పుట్టినరోజు విందుల్లోనూ, బోనాల మరుసటి రోజు దావత్‌లోనూ తప్పనిసరి అయిపోయింది. మాంసం తినని ఇంట్లో బగారాకు తోడు గుత్తి వంకాయ ఉంటుంది. ఇది మాది అని ఎవరూ గీత గీయలేదు. కనుకనే ఇది అందరిదీ అయింది.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి, కారం కలిపి గిన్నె అడుగున ఒత్తి కాల్చే సర్వపిండి ఈ ప్రాంతపు సొంత వంట. మన ఇళ్లలో సాయంత్రం చాయ్‌తో అది ఎంత సహజంగా కలిసిపోయిందో మన అమ్మలకు తెలుసు. జొన్న రొట్టె మీద తలకాయ కూర వేసుకుని తినేటప్పుడు ఏది ఎవరి వంట అని విడదీయడం ఎవరి తరం?

హలీం వచ్చిన దారి

రంజాన్ నెలలో సిద్దిపేట రోడ్ల పక్కన వెలిసే భట్టీల కథ ఇంకా పాతది. గోధుమలను, మాంసాన్ని కలిపి మెత్తగా ఉడికించే హరీసా వంట పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ రాసిన వంటల గ్రంథంలోనే ఉంది. నిజాం సైన్యంలో చేరిన అరబ్బులతో అది హైదరాబాద్ వచ్చింది. వారి బ్యారక్స్ ఉన్న చోటే నేటి బార్కస్. ఇక్కడి నెయ్యి, మసాలాలు, పప్పులు చేరి హరీస్ హలీంగా మారింది. ఉదయం ఎక్కించిన డేగ్ సాయంత్రానికి సిద్ధమవుతుంది. గంటల తరబడి కట్టె గుత్పలతో దంచే మనుషుల రెక్కల కష్టం అందులో ఉంటుంది. ఆ దంచేవారిలో చాలామంది ఉపవాసంతోనే ఆ సెగ ముందు నిలబడతారని తినేవారు మరచిపోకూడదు. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇఫ్తార్ తరువాత ఆ భట్టీల ముందు నిలబడే వరుసలో టోపీ పెట్టినవారితో సమానంగా బొట్టు పెట్టినవారూ ఉంటారు.

హలాల్ అంటే నమ్మకం

హోటల్‌కు వెళ్లే ముస్లిం కుటుంబం మొదట అడిగేది హలాలేనా అని. అలా అడగడంలో తప్పు లేదు, తగవు అంతకన్నా లేదు. తెలంగాణ పల్లెల్లో హిందూ ఇంట్లో విందు జరిగినా మేకను కోయడానికి ముల్లా సాబును పిలిచే ఆచారం ఎన్నో తరాలుగా ఉంది. మన ముస్లిం చుట్టాలు, దోస్తులు కూడా తినాలి కదా అన్నదే దాని వెనుక ఉన్న మర్యాద. అలాగే మన వలీమాలలో మాంసం తినని మిత్రుల కోసం వేరే పాత్రలతో, వేరే వంటవాడితో శాకాహారం వండించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఎదుటివాడి నియమాన్ని గౌరవించడమే ఆతిథ్యంలో మొదటి మెట్టు.

హలాల్ బోర్డు ఉన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. ఖుర్ఆన్ హలాల్‌తోపాటు తయ్యిబ్‌ను, అంటే శుద్ధమైన దానిని కోరింది. కాగి కాగి నల్లబడిన నూనె, కళ్లు చెదిరే ఎర్ర రంగు పూసిన కోడి, మూతలేని నీళ్ల డ్రమ్ము ఉన్న చోట ఏ బోర్డు ఉంటే ఏమి లాభం? 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం చిన్న బండికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు గోడ మీద ఉందో లేదో చూడటం, వంటగది చూపమని మర్యాదగా అడగటం మన హక్కు.

పేరు అడిగే రోజులు

ఈ బల్లకు ఈమధ్య కాలంలో కొత్త ఆపద వచ్చింది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో కావడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు కనబడేలా రాయాలని అధికారులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఏ ఆహారం అమ్ముతున్నారో చెబితే చాలు, పేరు చెప్పమని ఒత్తిడి చేయరాదన్నది. ఆ ఊళ్లు మనకు దూరం. కాని పేరు చూసి అన్నం తినే అలవాటు ఫోన్ల మీదుగా ఎంత దూరమైనా వస్తుంది. అది వచ్చిన చోట ముందు మూతపడేది చిన్న హోటలే. దానితోపాటు అక్కడ గిన్నెలు కడిగే, రొట్టెలు కాల్చే పది కుటుంబాల పొయ్యి ఆరిపోతుంది. ఆ పది కుటుంబాలలో అన్ని మతాలవారూ ఉంటారు.

దీనికి జవాబు కోపంలో లేదు. మనమూ పేరు చూసే బేరం చేస్తే ఎదుటివారిని తప్పుపట్టే అర్హత పోగొట్టుకుంటాం. శుభ్రంగా ఉన్న టిఫిన్ సెంటర్ ఎవరిదైనా ఇడ్లీ తినండి. ఇరుగుపొరుగు కుటుంబాన్ని తీసుకుని వెళ్లండి.

మరో మాట. మన హోటళ్లు చాలాకాలం మగవారి చోట్లుగానే ఉండిపోయాయి. ఫ్యామిలీ గది అంటూ పరదా వేసిన మూల ఒకటి ఉంటే ఉండేది. బగారా రుచిని తరతరాలుగా కాపాడిన చేతులు ఇంట్లోనే ఉండగా, ఆ రుచిని బల్ల దగ్గర కూర్చుని మెచ్చుకునేది మరొకరు. ఈ శుక్రవారం సాయంత్రం అమ్మను, చెల్లెలిని, ఇంటావిడను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఒకపూట వారికి ఎవరైనా వడ్డించనివ్వండి.