గట్టిగా పంపినా తగ్గించే వినిపిస్తారు

★ ఇంట్లో పాడి, రికార్డు చేసి, మాస్టరింగ్‌లో లిమిటర్‌ని చివరిదాకా తోసి పాటను స్పాటిఫైకి పంపారనుకోండి. అక్కడ దాని గట్టిదనాన్ని కొలిచి, మైనస్ 14 లఫ్స్ దగ్గరికి దించేస్తారు. లఫ్స్ అంటే పాట మొత్తమ్మీద చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలత. మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ పాట మెత్తన. మైనస్ 7లో పంపిన పాటకి 7 డెసిబెళ్ల కోత పడుతుంది. ధ్వని తరంగం ఎత్తు సగానికన్నా కిందికి పోతుందన్నమాట. అదే మైనస్ 14లో పంపిన పాటకి కోత లేదు, దాని మృదంగం దెబ్బ మొదట ఉన్నంత ఎత్తులోనే వినిపిస్తుంది. పక్కపక్కన పెట్టి వింటే నలిగి వచ్చినది మొదటి పాటే. గట్టిదనం కోసం పడ్డ పాట్లకు దక్కేది ఇదీ!

★ అన్ని వేదికలదీ ఒకటే లెక్క కాదు. స్పాటిఫై, యూట్యూబ్, టైడల్‌లది మైనస్ 14. ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్‌లో ఉంటే మైనస్ 16. అసలు తేడా మెత్తటి పాటల దగ్గర తెలుస్తుంది. యూట్యూబ్ గట్టి పాటను తగ్గిస్తుంది గానీ మెత్తటిదాన్ని పెంచదు. స్పాటిఫై పెంచుతుంది, కానీ పీకులకు, అంటే తరంగం అన్నిటికన్నా పైకి లేచే చోట్లకు, పైన ఖాళీ ఉన్నంతవరకే. మైనస్ 20లో ఉన్న పాట పీకు మైనస్ 5 దగ్గర ఉంటే, ఒక డెసిబెల్ ఖాళీ వదిలి నాలుగే పెంచుతుంది. అంటే మైనస్ 16 దగ్గర ఆగిపోతుంది. వినేవాళ్లు సెట్టింగ్స్‌లో ‘లౌడ్’ పెట్టుకుంటే లక్ష్యం మైనస్ 11 అవుతుంది, ‘క్వైట్’ పెట్టుకుంటే మైనస్ 19.

★ ఈ కొలత ఊపందుకున్నది పాటల వల్ల కాదు, టీవీ ప్రకటనల వల్ల. సీరియల్ మెల్లగా నడుస్తూ ఉండగా సబ్బు ప్రకటన వచ్చి ఇల్లదిరిపోయేలా అరవడం మనకూ తెలిసిందే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం ఇచ్చింది. 2010లో యూరప్ ప్రసార సంస్థలు మైనస్ 23ని గీతగా పెట్టుకున్నాయి. అమెరికా అయితే ఏకంగా చట్టమే చేసింది. 2010 డిసెంబరులో సంతకమైన ఆ చట్టం 2012 డిసెంబరు నుంచి అమలైంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలో ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ తెరిస్తే ముందుగా మైనస్ 23 కనిపించేది అందుకే. అది టీవీల అంకె. చూసుకోకుండా నొక్కేస్తే మీ పాట యూట్యూబ్‌లో 9 డెసిబెళ్లు వెనకబడి ఉంటుంది, పైకి లాగే నాథుడు ఉండడు.

★ లఫ్స్ మీటర్ బాగా కింది బేస్‌ని తక్కువగా లెక్కిస్తుంది, పై స్వరాలను కాస్త ఎక్కువగా. మన చెవి తీరే అంత. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే ఈ సంగతి లెక్కలతో చూపించారు. ఎక్కువ పదునుగా వినిపించేది 3, 4 వేల హెర్ట్జ్‌ల చుట్టుపక్కల. అయినా మీటర్ మీద ఒకే అంకె చూపించిన రెండు పాటలు చెవికి ఒకేలా తోచకపోవచ్చు. అంకె చూశాక కూడా చెవిని అడగాల్సిందే.

★ మరి మధ్యలో నిశ్శబ్దాల మాట? అవి లెక్కలోకి రావు. మైనస్ 70 కన్నా మెత్తటి భాగాలను మీటర్ ముందే తీసేస్తుంది. మిగిలినదానికి సగటు కట్టి, ఆ సగటుకి 10 యూనిట్లు కిందున్నవాటినీ వదిలేస్తుంది. బడికి రాని రోజుల మార్కులు కలపకుండా సగటు తీసినట్టు. కాబట్టి ఆలాపన మొదట్లో తంబురా ఒక్కటే సన్నగా మోగుతోందని దాన్ని పనిగట్టుకుని పెంచనక్కర్లేదు.

★ ఇంటి రికార్డింగుల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ ముచ్చట. 1982 జనవరిలో న్యూజెర్సీలో అద్దెకున్న ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద, రెండు మైకులతో పాడుకున్నాడు. బ్యాండు వాళ్లకు పాటలు నేర్పడానికి మాత్రమే అనుకున్నాడు. ఆ క్యాసెట్‌ని పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగాడు. తరవాత మొత్తం బ్యాండుతో స్టూడియోలో మళ్లీ చేస్తే ఇంట్లో వచ్చిన ఆ గుబులు రాలేదు. సరే, క్యాసెట్‌నే విడుదల చేద్దామన్నారు. తిప్పలు అక్కడ మొదలయ్యాయి. లెవెల్ తక్కువ, రొద ఎక్కువ. ఎల్‌పీ మీదికి ఎక్కించబోతే కుదరలేదు. ఒకరి తరవాత ఒకరు ప్రయత్నించాక, చివరికి న్యూయార్క్‌లో తక్కువ లెవెల్లోనే గాడి తీసి పని గట్టెక్కించారు. మెత్తగా వినిపించే ఆ రికార్డు అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది, ఇప్పటికీ వింటున్నారు.

★ గాయని బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్‌లో చాలా భాగం లాస్ ఏంజెలెస్‌లో అన్న ఫినియాస్ పడగ్గదిలో తయారైంది. మాస్టరింగ్ మాత్రం జాన్ గ్రీన్‌హామ్ చేశారు. 2020 గ్రామీల్లో ఉత్తమ ఇంజినీరింగ్ బహుమతి కూడా దానికే.

★ గట్టిదనం పోటీ పరాకాష్ఠ 2008లో మెటాలికా బ్యాండు ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’. సీడీ వింటే శబ్దం పగిలినట్టు ఉందని అభిమానులే గోల పెట్టారు. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియోగేమ్‌లో ఇంతగా కుదించకుండా వచ్చాయి, సీడీ కన్నా గేమే నయమని వేలమంది వినతిపత్రం మీద సంతకాలు పెట్టారు. అప్పటికి వేదికలు లెవెల్ తగ్గించే రోజులు రాలేదు. ఇప్పుడు ఆ పోటీకి అర్థమే లేదు.

★ పీకు సున్నా దాటలేదని మీటర్ చెప్పినా శబ్దం పగలొచ్చు. డిజిటల్‌లో శబ్దం శాంపిళ్లుగా ఉంటుంది. రెండు శాంపిళ్ల మధ్య తరంగం ఇంకా పైకి లేవొచ్చు. ఆపైన వేదికలు పాటను ఏఏసీ, ఓగ్ లాంటి ఫార్మాట్లలోకి కుదించినప్పుడు పీకులు మరికాస్త పెరుగుతాయి. అందుకే ఆ మధ్య ఎత్తునీ లెక్కలోకి తీసుకునే ట్రూ పీక్‌ని మైనస్ 1 దగ్గర ఆపమంటుంది స్పాటిఫై. పాట మైనస్ 14 కన్నా గట్టిదైతే మైనస్ 2 దగ్గర.

★ ఏ రెండు మాస్టర్లను పోల్చినా కాస్త గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. ప్లగిన్ వేయగానే ‘అబ్బ’ అనిపించడంలో సగం మాయ ఇదే. ముందూ వెనకా లెవెల్ సమానం చేసి వినండి.

మైనస్ 14 శాసనమేమీ కాదు. రాక్ పాట మైనస్ 9లో బాగుంటే అలాగే ఉంచండి. కీర్తన మైనస్ 16లో హాయిగా ఉంటే ముట్టుకోకండి. యూట్యూబ్‌లో జానపదాలు పెట్టే చిన్న స్టూడియోల వాళ్లకు ఒక్క మాట: కంప్యూటర్‌లో మీ వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. కంటెంట్ లౌడ్‌నెస్ పక్కన 6 డెసిబెళ్లని కనిపిస్తే, మీ డప్పు దెబ్బను ఆ మేరకు కోసేశారని అర్థం. తరవాతి పాటకైనా లిమిటర్‌ని కాస్త వెనక్కి తిప్పండి.