తెల్ల కుండ ఏడుస్తోందా?

కే-డ్రామాల్లో డబ్బున్నవాళ్ల హాలు చూపిస్తే, చాలాసార్లు వెనక బల్ల మీద ఓ గుండ్రటి తెల్ల కుండ కనిపిస్తుంది. పువ్వు లేదు, గీత లేదు. బీటీఎస్ ఆర్ఎం అలాంటి కుండనొకదాన్ని కౌగిలించుకుని ఫోటో కూడా పెట్టాడు. దాని పేరు దాల్‌హాంగారి, అంటే చంద్రుడి కుండ.

జపాన్ విమర్శకుడు యానాగి సోయెత్సు 1920 ప్రాంతంలో కొరియా కళ గురించి రాస్తూ, దాని అందం శోకంలో ఉందన్నాడు. పదేపదే దాడులు తిన్న జాతి కదా, ఆ తెలుపులో ఉన్నది దుఃఖమేనట. మనిషి మంచివాడే. సియోల్‌లోని గ్వాంగ్‌హ్వామున్ ద్వారాన్ని జపాన్ వలస ప్రభుత్వం కూల్చాలనుకున్నప్పుడు, 1922లో దానికి వ్యతిరేకంగా రాశాడు. అయినా ఆ శోకం మాట నాకు మింగుడుపడదు. ఎందుకో చెప్పాలంటే కుండల కథ మొదట్నుంచీ చూడాలి.

గొర్యో రాజ్యం (918–1392) కాలంలో అక్కడి కుమ్మర్లు చైనా నుంచి సెలడాన్ పని నేర్చుకున్నారు. మన ఫస్టియర్ కెమిస్ట్రీ ఇక్కడ పనికొస్తుంది. పూతలో కొద్దిపాటి ఇనుము ఉంటుంది. బట్టీ బాగా వేడెక్కాక గాలి తగ్గించేస్తే, మంటకి ఆక్సిజన్ చాలక పూతలోని ఐరన్ ఆక్సైడ్ నుంచే లాక్కుంటుంది. ఫెర్రిక్ కాస్తా ఫెర్రస్ అవుతుంది, నీలం కలిసిన లేత ఆకుపచ్చ వస్తుంది. గాలి కాస్త ఎక్కువ దూరిందా, పసుపు తిరిగిపోతుంది. థర్మామీటర్ లేని రోజుల్లో ఇదంతా కంటిచూపుతో చేశారు! 1123లో వచ్చిన చైనా రాయబారి షు జింగ్ ఈ రంగుని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. అంటే గురువు ఇంటివాడే శభాష్ అన్నాడన్నమాట.

ఆ తర్వాత సాంగ్‌గామ్ వచ్చింది. మట్టి సగం ఆరాక బొమ్మ చెక్కి, ఆ గాట్లలో తెల్లమట్టి, ఎర్రమట్టి నింపుతారు. కాల్చాక ఎర్రమట్టి నల్లగా మారుతుంది. మన బిద్రీ పనిలో లోహంలో వెండి పొదిగినట్టే, ఇక్కడ మట్టిలో మట్టి పొదిగారు.

1231 నుంచి మంగోలుల దాడులు, తర్వాత తీరం పొడవునా సముద్రపు దొంగలు. పెద్ద బట్టీలు చెదిరి కుమ్మర్లు లోపలి ఊళ్లకి పోయారు. 1392లో జొసాన్ రాజ్యం వచ్చాక, 15వ శతాబ్దంలో పుట్టిన బున్‌చాంగ్ పాత్రలు నాకు అన్నిటికంటే ఇష్టం. బూడిదరంగు మట్టి మీద తెల్లపూత బ్రష్‌తో చకచకా లాగేస్తారు, దాని మీద బొద్దు చేపలు గీస్తారు. ఆ చేపల్లో శోకం వెతికినా దొరకదు.

అసలు దెబ్బ 1592–98 యుద్ధం. హిదెయోషి సైన్యాలు వెళ్తూ వెళ్తూ కుమ్మర్లని కూడా జపాన్‌కి పట్టుకుపోయాయి. అరితాలో జపాన్ పింగాణీకి ఆద్యుడిగా చెప్పుకునే యీ సామ్‌ప్యాంగ్ అలా వెళ్లినవాడే. ఇటు కొరియాలో, బయట్నుంచి రావాల్సిన కోబాల్ట్ నీలం దొరక్క, ఇనుప రంగుతో గోధుమరంగు డ్రాగన్లు గీశారు. వాటిలో కొన్నిటి ముఖాలు చూస్తే నవ్వొస్తుంది.

చంద్రుడి కుండ వచ్చింది వీటన్నిటి తర్వాత, 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో. అంటే దేశం కోలుకుని కాస్త కుదురుగా ఉన్న రోజుల్లో! ఆడంబరం వద్దనే కన్ఫ్యూషియన్ అభిరుచికి తెలుపు సరిపోయింది. ఇక వంకర సంగతి. తెల్ల పింగాణీ మట్టితో అంత పెద్ద కుండ సారె మీద ఒకేసారి లేపితే కుంగిపోతుంది. అందుకే రెండు పెద్ద గిన్నెలు చేసి, ఒకదాని మీద ఒకటి బోర్లించి అతికేవారు. ఆ అతుకు దగ్గర కాస్త పక్కకి ఒరుగుతుంది. అంతే, కన్నీళ్లేం లేవు.

దుఃఖం లేదని కాదు, అది ఉన్నచోటు వేరు. యానాగి ఆ వ్యాసాలు రాసే నాటికే గొర్యో సమాధులు తవ్వి సెలడాన్ దోచి అమ్ముకుంటున్నారు. జాన్ హ్యాంగ్‌పిల్ అనే సంపన్న యువకుడు తన ఆస్తితో అలాంటివి వెనక్కి కొనడం మొదలుపెట్టాడు. 1935లో కొంగలు పొదిగిన ఒక్క సెలడాన్ కూజాకి జపాన్ వ్యాపారికి 20,000 వోన్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో సియోల్‌లో ఇరవై ఇళ్లు వచ్చేవంటారు. బేరం కూడా ఆడలేదట. మూడేళ్లకి వాటికోసం ఓ భవనం కట్టించాడు, అదే ఇప్పటి కాన్‌సాంగ్ మ్యూజియం. ఆ కూజా ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.