పాత ట్రాక్టరుకు రోటావేటరు: కొలత తప్పితే దమ్మూ సాగదు, బండీ మిగలదు

మచిలీపట్నం: కాలువలకు నీరు వదిలారన్న కబురు అందగానే డెల్టాలో ముందుగా సందడి మొదలయ్యేది మెకానిక్కు షెడ్లలోనే. గుడివాడ, బందరు, అవనిగడ్డ పరిసరాలలో దమ్ముకు సిద్ధమయ్యే ట్రాక్టర్లలో కొత్తవాటితో పాటు పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు దాటిన బండ్లూ కనిపిస్తాయి. కొత్త ట్రాక్టరు కొనే స్తోమత లేక కొందరు, తండ్రి కొన్న బండిని అమ్మడానికి మనసొప్పక మరికొందరు వాటినే నడుపుతున్నారు. ఇందులో తప్పేమీ లేదు. చిక్కంతా ఆ పాత బండి వెనుక తగిలించే రోటావేటరుతోనే వస్తోంది.

దివిసీమలోని కోడూరు, నాగాయలంక శివారు భూములకు నీరు ఎగువ ఆయకట్టు కన్నా ఆలస్యంగా చేరుతుంది. నీరందిన కొద్ది రోజులలోనే దమ్ము ముగించి నాట్లు వేయాలి. ఆ రోజులలో గేరుబాక్సు పగిలి బండి చేలో నిలిచిపోతే ఒక పక్క నారు ముదురుతుంది, మరో పక్క వంతు నీరు దాటిపోతుంది. మరమ్మతు ఖర్చు కన్నా ఈ నష్టమే పెద్దది. కనుక రోటావేటరు ఎంపికను దుకాణంలో బేరమాడే విషయంగా కాక సేద్యపు లెక్కగా చూడాలి.

ఈ యంత్రం మూలం మన దేశం కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే రైతుబిడ్డ 1912లో తిరిగే కత్తులతో నేల దున్నే ప్రయోగాలు ఆరంభించి, 1920లో పేటెంటు పొందారు. రోటావేటర్ అన్న పేరును ఆంగ్లాక్షరాలలో రాస్తే మన ‘వికటకవి’ లాగానే ఎటు నుంచి చదివినా ఒకటే. కంకర నేలలోనైనా, మన డెల్టా బురదలోనైనా సూత్రం ఒక్కటే. ట్రాక్టరు వెనుకనున్న పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. గేరుబాక్సు ఆ వేగాన్ని సుమారు 200 చుట్లకు తగ్గించి కత్తులున్న రోటరుకు అందిస్తుంది.

బానెట్ మీది అంకె నమ్మరాదు

మహీంద్రా సంస్థ 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సాంకేతిక సహకారంతో ట్రాక్టర్ల తయారీకి దిగింది. హెచ్‌ఎంటీ 1971లో పింజోర్‌లో జెటర్ నమూనాతో 25 హెచ్‌పీ బండి తయారీ ప్రారంభించింది. పంజాబ్ ట్రాక్టర్స్ వారి తొలి స్వరాజ్ 1974లో వచ్చింది. ఆ తరం నమూనాలు అధికంగా 25 నుంచి 40 హెచ్‌పీ లోపువే. వాటిని రూపొందించింది ముఖ్యంగా నాగలి, గొర్రు, తొట్టి లాగడానికి. పీటీవోతో రోజంతా బురదలో భారీ యంత్రాన్ని తిప్పే పని వాటి నెత్తిన తరువాత పడింది.

బానెట్ మీద 35 హెచ్‌పీ అని రాసి ఉంటే, బండి కొత్తగా ఉన్నప్పుడే పీటీవో దగ్గరకు చేరేది దాదాపు 30 హెచ్‌పీ. పిస్టను రింగులు అరిగి, ఇంజెక్టర్లు సరిగా పనిచేయని బండిలో ఇది ఇంకా తగ్గుతుంది. అటువంటి బండికి పక్క రైతు వాడుతున్నాడని ఆరడుగుల రోటావేటరు తగిలిస్తే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. మామూలుగా 42 కత్తులుండే ఆరడుగుల యంత్రానికి 45 హెచ్‌పీకి పైబడిన ట్రాక్టరు కావాలి. 36 కత్తుల ఐదడుగుల దానికి మంచి స్థితిలో ఉన్న 35 నుంచి 45 హెచ్‌పీ బండి సరిపోతుంది. అరిగిన 35 హెచ్‌పీ బండి గుడివాడ ప్రాంతపు బరువైన నల్లరేగడిలో పనిచేయాలంటే నాలుగు, నాలుగున్నర అడుగులకు మించకపోవడమే మేలు.

కొనే ముందు అద్దెకు తెచ్చి అరెకరంలో నడిపి చూడటం ఉత్తమం. లో గేరులో, ఉండవలసిన లోతులో నడుస్తున్నప్పుడు ఇంజను గొంతు మారి నల్లపొగ ఆగకుండా వస్తుంటే ఆ రోటావేటరు ఆ బండికి తగదు. లోతు తగ్గించి సరిపెట్టుకుందామనుకుంటే కొన్న ప్రయోజనమే ఉండదు. వేర్వేరు వేగాల గేరుబాక్సు ఉన్న యంత్రమైతే రోటరు వేగం తగ్గించే గేర్లు వేయించుకోవచ్చు. పాత బండికి ఇది మంచి వెసులుబాటు.

వెడల్పు తగ్గితే వెనుక టైరు జాడ చెరగదన్న సందేహం సహజం. పొడి దుక్కిలో ఇది నిజమే. దమ్ములో మాత్రం బురద సర్దుకుంటుంది, వెనుక రేకు మిగిలినది చదును చేస్తుంది. పైగా చాలా రోటావేటర్లను కుడి పక్కకు కొంత జరిపి బిగించుకునే వీలుంది. అప్పుడు కనీసం ఒక టైరు జాడ పూర్తిగా చెరుగుతుంది, గట్టు వారగా దున్నడమూ సులువవుతుంది.

లిఫ్టు సంగతీ చూసుకోవాలి. ఐదడుగుల రోటావేటరు బరువు 4 క్వింటాళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని పైకెత్తి ఇంజను ఆపినప్పుడు కొద్ది నిమిషాలకే కిందికి దిగిపోతుంటే హైడ్రాలిక్ సిలిండరు సీళ్ళు అరిగినట్లే. ముందుగా వాటిని బాగుచేయించాలి. ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలిపోయే తేలిక బండికి ముందు బరువులు తప్పనిసరి. కాలువ గట్టు మీద స్టీరింగు మాట వినకపోతే ఏం జరుగుతుందో డెల్టా వాసులకు తెలియనిది కాదు.

సీలు పోతే అంతా పోయినట్లే

డెల్టాలో రోటావేటరును పాడుచేసేది రాయి కాదు, నీరు. రోటరు రెండు కొసల వద్ద బేరింగులుంటాయి. వాటిలోకి బురదనీరు చొరబడకుండా కాపాడేది ఒక చిన్న సీలు. వరికోత యంత్రాలు వచ్చాక చేలో గడ్డి ఎక్కువగా మిగులుతోంది. ఆ గడ్డి, గట్ల మీద వదిలేసిన నైలాను తాళ్ళు, చెరువుల పక్క పొలాలలోనైతే వల పోగులు కూడా రోటరు కొసలకు చుట్టుకుని సీలును కోసేస్తాయి. ముందు నీరు చేరుతుంది, తరువాత గ్రీజు కొట్టుకుపోతుంది, ఆపై బేరింగు అరుస్తుంది. ఆ అరుపు డ్రైవరు చెవిన పడేసరికి షాఫ్టు కూడా అరిగి ఉంటుంది.

అందుచేత సాయంత్రం బండి ఆపాక ఇంజను తాళం తీసి, చుట్టుకున్న గడ్డిని కొడవలితో కోసి తీయడం మానరాదు. పది నిమిషాల పని ఇది. వారానికొకసారి పక్క గేరు కేసు అడుగు బోల్టు కొద్దిగా వదులు చేసి నూనె చూడాలి. నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే నీరు కలిసిందని అర్థం. అటువంటి నూనెను ‘ఈ సీజను గడవనీ’ అని వదిలేస్తే సీజను మధ్యలోనే గేర్లు పోతాయి. నూనె మార్చితే చాలదు, సీలు కూడా మార్చాలి.

పక్క కేసులో గొలుసు ఉన్నవి, గేర్లు ఉన్నవి రెండు రకాలూ దొరుకుతాయి. గొలుసుది ధర తక్కువ, కానీ సాగుతుంది, బిగువు చూసుకుంటూ ఉండాలి. బురదలో ఎక్కువ గంటలు నడిపేవారు గేర్లదే తీసుకోవడం మంచిది.

కత్తుల విషయానికొస్తే ‘ఎల్’ ఆకారపువి మన వద్ద ఎక్కువ వాడుకలో ఉన్నాయి. జిగురు ఎక్కువైన రేగడిలో బురద అంటుకుని బండి బరువెక్కుతుంటే ‘సి’ ఆకారపువి ప్రయత్నించవచ్చు. కత్తులు రోటరు చుట్టూ మెలికగా అమరి ఒకదాని వెంట ఒకటి నేలలో దిగుతాయి. మార్చేటప్పుడు ఎడమవి, కుడివి తారుమారైతే యంత్రమంతా అదురుతుంది. కొత్త కత్తులు వేసిన తొలి గంట తరువాత బోల్టులు మళ్ళీ బిగించాలి. సముద్ర తీరపు ఇసుక కలిసిన నేలలలో కత్తులు త్వరగా అరుగుతాయి. చౌడు భూములలో, ఉప్పునీటి చెరువుల పక్కన పనిచేసిన రోజు యంత్రాన్ని మంచినీటితో కడిగి తీరాలి. లేకుంటే బోల్టులు తుప్పు పట్టి మరుసటి ఏడాదికి ఊడిరావు.

సెకనుకు తొమ్మిది చుట్లు

పీటీవో షాఫ్టులో ఒక మెత్తని బోల్టు ఉంటుంది. రోటరుకు ఏదైనా అడ్డుపడితే అది తెగి గేరుబాక్సును కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని కొందరు దాని స్థానంలో గట్టి బోల్టు వేస్తున్నారు. బోల్టు మిగులుతుంది, గేరు పళ్ళు రాలిపోతాయి. షాఫ్టును విప్పి తిరిగి తొడిగేటప్పుడు రెండు చివరల యోకులు ఒకే వరుసలో ఉండాలి. అలా లేనప్పుడు పుట్టే అదురుకు ట్రాక్టరు పీటీవో బేరింగులే బలవుతాయి.

అంతకు మించినది ప్రాణాపాయం. షాఫ్టు సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పది సెంటీమీటర్ల యోకుకు తువ్వాలు కొస చిక్కితే ఒక్క సెకనులో దాదాపు రెండున్నర మీటర్లకు పైగా బట్టను లాగేసుకుంటుంది. మనిషి చేయి తీసే లోపే అంతా జరిగిపోతుంది. షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు పగిలిందని తీసి పారేసిన బండ్లు ఎన్నో. లుంగీ, తువ్వాలుతో పనిచేసే మన డ్రైవర్లకు ఆ తొడుగు అత్యవసరం. కత్తులు మార్చేటప్పుడు హైడ్రాలిక్ లిఫ్టును నమ్మి కిందికి దూరడం ఆత్మహత్యతో సమానం. దుంగలు ఆన్చిన తరువాతే చేయి పెట్టాలి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకుని దమ్ము చేసే అలవాటునూ మానాలి.

ఒకే క్లచ్చు ఉన్న పాత నమూనాలతో మరో ప్రమాదం ఉంది. క్లచ్చు నొక్కినా, తిరుగుతున్న రోటరు వేగం గేరుబాక్సు ద్వారా చక్రాలకు చేరి బండిని కొంత దూరం ముందుకు నెడుతుంది. గట్టు దగ్గర, బోదె దగ్గర ఇది ముప్పు. దీనిని అరికట్టే ఓవర్‌రన్ కప్లింగు పీటీవోకు అమర్చుకోవచ్చు. రోటావేటరు ఖర్చుతో పోలిస్తే దాని ఖర్చు స్వల్పం.

పాతది కొనేవారు పాటించవలసినది ఒకటుంది. రంగు చూసి మోసపోరాదు. రోటరును చేత్తో పైకి కిందికి ఊపి చూడాలి, ఆట ఉంటే బేరింగులు పోయినట్లే. కొత్తది కొనేవారు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ వంటి చోట ఆ నమూనాను పరీక్షించిన నివేదిక ఉందేమో డీలరును అడగాలి. కత్తుల గట్టిదనం, అరుగుదల వివరాలు అందులో ఉంటాయి.

రోటావేటరు ఉంది కదా అని ఏటా అదే లోతులో తిప్పితే కింద గట్టిపొర ఏర్పడుతుంది. నీరు నిలవడానికి వరికి అది కొంత ఉపకరించినా, కోతకు ముందు చల్లే మినుము వేరు లోతుకు దిగదు. వేసవిలో ఒకసారి నాగలితో లోతు దుక్కి చేయడం మంచిది. ఎండి నెర్రెలు విచ్చిన రేగడిలో మాత్రం పాత బండితో రోటావేటరు తిప్పకూడదు.

దమ్ము పని ముగిశాక యంత్రాన్ని కడిగి, కత్తులకు వాడిన ఇంజను నూనె పూసి, కీళ్ళకు గ్రీజు పట్టించి, నేలకు ఆనకుండా కర్రదుంగల మీద కప్పు కింద నిలపాలి. లిఫ్టు చేతులను కిందికి దించి ఉంచాలి. దాళ్వాకు నీరిచ్చే ఏడాదైతే నూనె, సీళ్ళు అప్పటికే చూసి ఉంచుకోవాలి.